మాట్లాడే పుస్తకంతో ఉదయగిరి దాకా

ఏ ఆత్మకూరు?

ఆత్మకూరు వెళ్తున్నానని చెబితే మా ఆఫీసులో ప్రతివాళ్ళూ "ఏ ఆత్మకూరు?" అనే అడిగారు. తెలుగునాట జిల్లాకొక ఆత్మకూరు ఉన్నట్టుంది. కర్నూలు వైపుది కాదు, అనంతపురం వైపుది కాదు, నెల్లూరు ఆత్మకూరు అని చెప్పి చెప్పి విసుగొచ్చి, చివరికి "చేపల పులుసు ఆత్మకూరు" అనడం మొదలుపెట్టాను. ఆ తర్వాత ఎవరూ ఏ ఆత్మకూరని అడగలేదు. వచ్చేటప్పుడు ఏం తెస్తావని మాత్రం అడిగారు.

నేను వెళ్ళింది చేపల కోసం కాదు. ఒక ఎకనామిక్స్ పుస్తకాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. మాది డిగ్రీ పాఠ్యపుస్తకాలను ఫోనులో చదువుకునేట్టు తయారుచేసే చిన్న విభాగం. దూరవిద్యలో చదివే పిల్లలకు ఇప్పుడు పుస్తకాలు చాలావరకు ఫోనులోకే వస్తాయి. చూపున్నవాళ్ళకు ఇబ్బంది లేదు. చూపులేనివాళ్ళకు ఫోనులో ఒక గొంతు ఉంటుంది. తెర మీద వేలు పెడితే అక్కడున్నది చదివి వినిపిస్తుంది. అయితే మునుపటి పుస్తకాలన్నీ అచ్చుపేజీలను ఫొటోలు తీసి పెట్టినవి. మన కంటికి అవి అక్షరాలే గానీ ఆ గొంతుకు వట్టి బొమ్మలు. పేజీ తిప్పితే "బొమ్మ" అంటుంది, ఇంకో పేజీ తిప్పితే మళ్ళీ "బొమ్మ" అంటుంది. డిగ్రీ మొత్తం అంతే.

ఇప్పుడు వాటిని తిరిగి అక్షరాలుగా మారుస్తున్నాం. శీర్షిక శీర్షికలాగా, పట్టిక పట్టికలాగా వినబడాలి. బొమ్మ ఉన్నచోట ఆ బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పాలి. ఆ మాటలు రాసే పని నాది. కొత్త ఎకనామిక్స్ పుస్తకాన్ని అందరికీ పంపేముందు ఇద్దరు విద్యార్థుల చేతిలో పెట్టి చూసి రమ్మన్నారు. ఒకరు ఆత్మకూరులో, ఇంకొకరు ఉదయగిరి అవతల. మాది తెనాలి. కాలువ లేని ఊరు ఊరే కాదనుకునే మనిషిని. ఆ మెట్ట ప్రాంతం ఎప్పుడూ చూడలేదు కదా అని సరేనన్నాను.

ఆత్మకూరు: కారం దోసె, పెద్ద అక్షరాలు

నెల్లూరులో బస్సెక్కి ఊరు దాటకముందే పక్క సీటావిడ నా ఊరు, ఉద్యోగం, పిల్లలు అన్నీ రాబట్టేసింది. మా వైపు కూడా అడుగుతారు గానీ కాస్త చుట్టు తిప్పి అడుగుతారు. ఇక్కడ ఆ మొహమాటం లేదు. "జీతం ఎంతొస్తాది?" అంది. చెప్పాను. "అంతేనా" అని నా వంక జాలిగా చూసి, సంచిలోంచి రెండు సపోటాలు తీసి చేతిలో పెట్టింది. నా జీతం మీద ఇంతకంటే నిజాయితీగా ఎవరూ అభిప్రాయం చెప్పలేదు. సపోటాలు కూడా బాగున్నాయి.

ఆత్మకూరులో పొద్దున్నే ఒక చిన్న హోటలుకు రమ్మన్నాడు మస్తాన్. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు, వాళ్ళ చిన్నాన్న సెల్‌ఫోన్ల కొట్లో పని చేస్తాడు. పూర్తిగా చూపు లేకపోలేదు, బాగా మందం. పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదవాలి. ఫోనులో అయితే అక్షరాలను తాటికాయలంత చేసుకుంటాడు.

ముందు దోసెలు వచ్చాయి. నెల్లూరు కారం దోసె గురించి విన్నాను గానీ అది ఇంత ఎర్రగా ఉంటుందని ఎవరూ హెచ్చరించలేదు. ఎండుమిరపకాయ, ఉల్లిపాయ కలిపి నూరిన కారాన్ని దోసె మీద పెయింటు వేసినట్టు పూస్తారు. గుంటూరు జిల్లా మనిషిని, మిరపకాయ మా ఇంటి పంట అన్నంత ధీమాగా కూర్చున్నాను. రెండో ముక్కకే కళ్ళ నీళ్ళు తిరిగాయి. సర్వరు ఏమీ అడక్కుండా గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి పెట్టాడు. పరువు పోయింది గానీ ప్రాణం నిలబడింది.

మస్తాన్ మా పుస్తకం తెరిచి చూపించాడు. పాత పుస్తకంలో అక్షరం పెద్దది చేస్తే పేజీ తెర దాటి పోయేది. ఒక్కో వరసకూ పేజీని అటూ ఇటూ లాక్కుంటూ చదివేవాడట.

"ఇప్పుడు ఎంత పెద్దది చేసినా లైను తెర లోపలే ఉంటా ఉండాది మేడం. బావుండాది" అన్నాడు. నేను పొంగిపోబోతుండగా, "గానీ సోమశిల బొమ్మ కింద రాసింది బాగలేదు" అన్నాడు.

నీటిపారుదల పాఠంలో సోమశిల జలాశయం ఫొటో ఉంది. దాని కింద నేను రాసింది ఇదీ: కొండల నడుమ ప్రశాంతంగా నిలిచిన నీరు, ఎదురుగా ఆనకట్ట గేట్లు.

"ప్రశాంతంగా ఉండాదని మీకెవురు చెప్పినారు?" అన్నాడు మస్తాన్. "మా జేజిని, మా నాయనమ్మని, కట్టుబట్టలతో లేపేసినారు ఆడ్నించి. ఊరి పైన నీళ్ళు నిలబడినాయి. ఫొటోలో ప్రశాంతం ఎట్టా కనపడింది మీకు?"

ఆ మాట అందం కోసం వేశాను. నేను ఆ చోటు చూసింది కూడా లేదు. దగ్గరే కదా, పోయి చూడండి అన్నాడు. ఉదయగిరి బస్సెక్కాల్సినదాన్ని సోమశిల దారి పట్టాను.

సోమశిల: ఫొటోలో లేనివి

మా కృష్ణ కాలువల నీళ్ళు ఎప్పుడూ ఎక్కడికో పోతుంటాయి. సోమశిల దగ్గర పెన్న నీళ్ళు ఎక్కడికీ పోకుండా కొండల మధ్య పడుకుని ఉంటాయి. చూడ్డానికి నిజంగానే ప్రశాంతంగా ఉంది, అదే నాకు ఇరకాటమైంది.

కట్ట కింద ఒక పాకలో సంగటి, చేపల పులుసు పెట్టే ఆవిడ ఉంది. పచ్చి మామిడి ముక్కలు వేసిన పులుసు. నిన్నటిది ఇవాళ తినాలట. "ఈ రోజు కాచింది రేపొచ్చే వాళ్ళకి" అని ఇవాళ్టి కుండ మూత తియ్యనివ్వలేదు. మేం అన్నంతో మొదలుపెట్టి అన్నంతో ముగించేవాళ్ళం. సంగటి ముద్దను ఎలా తుంచాలో తెలియక నేను దాన్ని కెలుకుతుంటే, ఆవిడ చూసి చూసి వచ్చి నా కంచంలో ముద్ద మధ్య గుంట చేసి పులుసు పోసి, "ఇట్టా" అంది. తర్వాత ఇంకెవరి సాయమూ అక్కర్లేకపోయింది.

మీది ఏ ఊరని అడిగాను. గరిటెతో నీళ్ళ వైపు చూపించింది. "ఆడ. ఆ రెండు గుట్టల నడిమిన. నేను పెళ్ళయ్యి వచ్చిన ఊరు. ఎండలకి నీళ్ళు బాగా తగ్గితే మా రచ్చబండ కనపడతాది అంటారు. నేను చూడ్డానికి పోలా." ఏడుస్తూ చెప్పలేదు, పులుసు వడ్డిస్తూ చెప్పింది.

కట్ట మీద కూర్చుని ఫోనులో నా వాక్యం తీసి "ప్రశాంతంగా" కొట్టేశాను. ఆ ఖాళీలో ఆవిడ ఊరి సంగతి రాయాలని వేళ్ళు దురద పెట్టాయి. రాశాను, మళ్ళీ చెరిపేశాను. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది: బొమ్మలో ఉన్నదే చెప్పాలి, మన అభిప్రాయం కలపకూడదు. చూపున్నవాడికి ఫొటోలో ఏం కనబడుతుందో చూపులేనివాడికి అంతే అందాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. కట్టుబాటు మంచిదే. కానీ ఆ పూట నాకు దాని మీద కోపం వచ్చింది. ఆ కోపంతోనే బస్సెక్కి, నిద్రపోయి, దిగాల్సిన చోట దిగకుండా ముందుకు పోయి, ఎదురొచ్చిన పాల ఆటోలో క్యాన్ల మధ్య కూర్చుని ఆత్మకూరు చేరాను.

ఉదయగిరి: చెక్క గరిటె

ఉదయగిరి ముందు కొండగా కనబడుతుంది, చాలాసేపటికి గానీ ఊరుగా కనబడదు. బస్సు ఎన్ని మలుపులు తిరిగినా ఆ కొండ ఏదో ఒక కిటికీలో ఉంటుంది. దారి పొడుగునా పొగాకు చేలు, కంది కళ్ళాలు. రోడ్డునే కళ్ళం చేసుకుని కందికట్టె ఆరబోశారు. బస్సు దాని మీదుగానే పోతుంటే డ్రైవరు గానీ రైతు గానీ ఏమీ అనుకోలేదు. పైగా నూర్పిడి పని కొంత కలిసొచ్చినట్టుంది.

కోట చూడాలని పొద్దున్నే కొండెక్కాను. ఎక్కానంటే పూర్తిగా కాదు. చెప్పులు చూసుకోకుండా బయలుదేరాను, సగం దారిలో ఒక చెప్పు పట్టీ తెగింది. గోడలు, బురుజులు, మసీదు అన్నీ కింద నుంచే దర్శనం చేసుకుని ఒంటి చెప్పుతో దిగివచ్చాను. దిగాక బజారులో చెక్క గరిటెలు చేసే ఇల్లు కనబడింది. అడవి కర్రను చెక్కి చెంచాలు, ఫోర్కులు చేస్తారు. పిడి మీద పూలూ చేపలూ సన్నగా చెక్కుతారు. ఒక చెంచా ఎనభై అన్నారు. బేరమాడదామని నోరు తెరిచాను. అక్కడున్న పెద్దామె నా కాళ్ళ వంక చూసి, "ముందు చెప్పులు కొనుక్కోండమ్మా, చెంచా యాడికీ పోదు" అంది. రెండూ కొనుక్కున్నాను, బేరం లేకుండా.

నేను వెళ్ళాల్సిన ఊరు దుత్తలూరు దారిలో ఉంది. అక్కడ సలోమి ఉంటుంది. ఆ అమ్మాయి కోసమే అసలు ఈ ప్రయాణం.

దుత్తలూరు దారిలో: ఇన్నాళ్ళూ పుస్తకం నేనే

సలోమికి పసితనంలోనే చూపు పోయింది. పదో తరగతి వరకూ నెల్లూరులో చూపులేని పిల్లల బడిలో చదివి, ఆ తర్వాత ఊళ్ళోనే ఉండి దూరవిద్యలో ఇంటరు, డిగ్రీ చేసింది. అన్ని పేపర్లూ పాసైంది, ఎకనామిక్స్ తప్ప. అది రెండుసార్లు తప్పింది. వచ్చే నెల మూడోసారి రాయాలి. ఇదే ఆఖరు. ఈసారి తప్పితే గడువు దాటిపోతుంది, డిగ్రీ మొత్తం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. పాసైతే బి.ఎడ్. ప్రవేశపరీక్ష రాసి టీచరు కావాలని ఆమె కోరిక.

ఇల్లు చిన్నది, ముందు రేకుల వసారా, వీధి చివర బాప్టిస్టు చర్చి. అమ్మానాయన మిరపకోతలకు వెళ్ళారట, ఎక్కడికో అనుకుంటే మా గుంటూరు వైపే. నేను వీళ్ళ ఊరొస్తే వాళ్ళు మా ఊరు వెళ్ళారు. ఇంట్లో సలోమి, వాళ్ళ అవ్వ ఉన్నారు. వసారాలో కుర్చీ వేసుకుని ఒక పెద్దాయన కూడా ఉన్నాడు. సలోమి మేనమామ దేవసహాయం, అవ్వ కొడుకు. కావలి, జలదంకి రూట్లలో ముప్పయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరై, ఇప్పుడు సేద్యం చూసుకుంటున్నాడు.

"రండి మేడం. కొత్త పుస్తకం తెచ్చినారంట" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఈ పిల్లకి పుస్తకం నేనే."

గొప్పకు అన్నమాట కాదు. ఫోనులో పుస్తకం "బొమ్మ" అని ఊరుకుంటుంటే, ఈయన అచ్చు పుస్తకం తెప్పించి డిగ్రీ మూడేళ్ళూ రోజూ సాయంత్రం ప్రార్థన అయ్యాక వసారాలో కూర్చుని చదివి వినిపించాడు. జ్వరమొచ్చినా మానలేదట. ఇరుగుపొరుగు కూడా వచ్చి కూర్చునేవారు. మా తెనాలిలో ఆ వేళకు ప్రతి ఇంట్లోనూ టీవీ సీరియలు నడుస్తుంది. ఈ వీధిలో ద్రవ్యోల్బణం నడిచింది.

"మామ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తాది మేడం" అంది సలోమి. "మా వీధిలో ఎవురు రాసినా ఎకనామిక్స్ పాసవుతారు, నేను తప్ప."

మామ పొలం వైపు వెళ్ళాక అవ్వ భోజనం పెట్టింది. జొన్నరొట్టె, అప్పుడే వస్తున్న చింతచిగురు వేసిన పప్పు. "అన్నం లేదమ్మా, వండాల్నా?" అని అడిగింది. వద్దని నాలుగో రొట్టె అందుకున్నాను. తెనాలి మనిషి ఇంత తొందరగా మారుతుందని నేనే అనుకోలేదు.

ఆ తర్వాత సలోమి ఫోనులో కొత్త పుస్తకం ఎక్కించాం. ఆమె వేలు తెర మీద ఆడుతుంటే ఆ గొంతు పిండిమరలో పప్పులు పోసినట్టు గడగడా చదివింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అంత వేగం పెట్టుకుంది. ఒకచోట ఆగింది.

"ఈ అంకెలు దేనివి మేడం? పంట పేరు చెప్పకుండా ఊరికే అంకెలు చెప్తా పోతా ఉండాది."

పంటల విస్తీర్ణం పట్టిక అది. మా వాళ్ళు అన్ని పట్టికలూ సరిచేశామన్నారు, ఇది తప్పించుకుంది. మంచం మీద లాప్‌టాప్ తెరిచి, ప్రతి అంకె ముందూ పంట పేరు, సంవత్సరం వినబడేట్టు సరిచేశాను. కరెంటు పోయింది, ఫోను సిగ్నలు కోసం గడ్డివామి దాకా నడిచాను, ఒక మేక నా కొత్త చెప్పు వాసన చూసింది. మొత్తానికి పట్టిక చక్కబడింది.

సలోమి మద్దతు ధర పాఠం వెతికి తీసింది. విన్నది. వెనక్కి పోయి మళ్ళీ విన్నది. తర్వాత నా కోసం వేగం తగ్గించి వినిపించింది. పంట మార్కెట్టుకు రాకముందే ప్రభుత్వం ప్రకటించే ధరను కనీస మద్దతు ధర అంటారని, బయట ధర అంతకంటే పడిపోతే ఆ ధరకు కొనడానికి ప్రభుత్వం సిద్ధంగా ఉంటుందని పుస్తకం చెప్పింది.

"మిగతాది యాడ?" అంది సలోమి.

"ఏ మిగతాది?"

"దళారి తినంగా మిగిలిందే మద్దతు ధర అని ఉండాల గదా."

నాకు నవ్వు ఆగలేదు. సలోమి నవ్వలేదు. గబగబా ద్రవ్యోల్బణం పాఠానికి వెళ్ళింది. టీ రేటు పెరిగి గ్లాసు చిన్నదవడం ద్రవ్యోల్బణం అని అందులో లేదు. సహకార బ్యాంకుల పాఠం తీసింది. అధ్యక్షుడి బావమరిదికి ముందు అప్పు ఇచ్చే బ్యాంకు అని అందులోనూ లేదు. నా నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు.

మామ పుస్తకం చదువుతూ మధ్యమధ్య తన మాటలు కలిపేవాడు. మనలాంటివాళ్ళం అయితే పేజీ వంక చూసి ఏది అచ్చులో ఉందో ఏది ఆయన నోటిదో తేల్చుకుంటాం. సలోమికి రెండూ ఒకే గొంతు. ముప్పయ్యేళ్ళు టిక్కెట్లు కొట్టిన మనిషి, మాట మధ్య ఊపిరి కూడా పీల్చడు.

"రెండు పరీక్షల్లోనూ అదే రాయించినాను మేడం" అంది. "నేను చెప్తే రాసే పిల్ల అడిగింది కూడా, ఇదేందక్కా ఇట్టా రాయమంటావా అని. పుస్తకంలో ఉండాది, రాయమ్మే అని గదమాయించినాను."

ఫోనును ఒళ్ళో పెట్టుకుంది. "మామకి చెప్పబాకండి. గొంతు బొంగురు పోయేదాకా చదివినాడు నాకోసం. ఆయనకి తెలిస్తే తట్టుకోలేడు."

చెప్పనన్నాను. నాకు ఆ పిల్ల మీద చెప్పలేనంత జాలి వేసింది, పరీక్ష తప్పినందుకు కాదు, ఆ బరువు కూడా తనే మొయ్యాలనుకుంటున్నందుకు.

వసారాలో చదువు

దీపాల వేళకు ప్రార్థన అయింది. పొరుగువాళ్ళు నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారు. స్టూలు మీద సలోమి ఫోను పెట్టారు. మామ అలవాటు కొద్దీ తన కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, అచ్చు పుస్తకం ఒళ్ళో తెరిచాడు.

"మద్దతు ధర పెట్టు పాపా. అది నేను బాగా చదివినాను. ఈ గొంతు ఎట్టా చదువుతాదో చూద్దాం."

"బ్యాంకుల పాఠం విందాం మామా."

"బ్యాంకులంటే నాకు నిద్రొస్తాది. మద్దతు ధరే పెట్టు."

సలోమి ముఖం నా వైపు తిప్పింది. నేను చేయగలిగిందేమీ లేదు. ఆయన మరోసారి అడిగాడు. పెట్టింది.

ఫోను చదువుతుంటే మామ అచ్చు పుస్తకంలో వేలు పెట్టి వెంట వచ్చాడు. తల ఊపుతున్నాడు, బాగానే చదువుతున్నదని మెచ్చుకోలుగా. ఒకచోట నోరు తెరిచాడు. ఫోను ఆగకుండా కింది పేరాలోకి పోయింది. వేలు వెనక్కి తెచ్చుకున్నాడు.

"ఆపు. మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడ ఏమీ లేదు.

"నేను చెప్పేది ఇందులో లేదే" అన్నాడు.

"నువ్వు చెప్పేది పుస్తకంలో ఎందుకుంటాది కండక్టరన్నా" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి సలోమి వైపు చూశాడు. ఆ పిల్ల నవ్వకపోవడం అప్పుడు గమనించినట్టున్నాడు.

"పాపా. పరీక్షలో నువ్వు ఏం రాయించినావు?"

"బ్యాంకుల పాఠం పెడతా మామా."

"అడిగినదానికి చెప్పు."

సలోమి చెప్పలేదు. చెప్పకపోతేనే ఆయనకు అర్థమైంది. కళ్ళద్దాలు తీశాడు. "రెండుసార్లూనా?" అన్నాడు, ఎవరినీ అడగనట్టు. అంత పెద్ద గొంతు అంత చిన్నగా రావడం నాకు కష్టంగా తోచింది.

మూల మంచం మీదినుంచి అవ్వ అంది. "గుడిలో ఏం చేస్తారురా? ముందు వాక్యం చదవతారు. బైబులు మూసినాకనే గదా వర్తమానం చెప్పేది. నువ్వు రెండూ ఒకే దెబ్బన చదివితే ఆ పిల్లకి ఎట్టా తెలస్తాది?"

వర్తమానమంటే వాళ్ళ చర్చిలో పాస్టరు చేసే ప్రసంగం. వాక్యం వేరు, ఆయన చెప్పే మాట వేరు, ఆ తేడా ఆ వీధిలో పసిపిల్లకు కూడా తెలుసు. మామకు బాగా తెలుసు, ఆదివారం వాక్యం చదివేది ఆయనేనట. అక్కడ ఒక్క అక్షరం కలపడు. ఎకనామిక్స్ దేవుని మాట కాదు కదా అని ఇక్కడ కలిపాడు. కలపకుండా ఉండలేకపోయాడు కూడా, తను అమ్మిన కందుల సంగతి అది.

ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాను. సలోమి ఫోను చేతిలో పట్టుకుని వీధి వైపు చెవి ఒగ్గి కూర్చుంది. తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు వినబడింది. ముఖం కడుక్కుని, తడి ముఖంతోనే వచ్చి కూర్చున్నాడు.

"పుస్తకం మొదటినుంచి పెట్టు" అన్నాడు. "పరీక్ష అయ్యేదాకా నేను నోరు తెరిస్తే చెప్పుతో కొట్టండి."

"పరీక్ష అయినాక?" అంది సలోమి.

"అయినాక తెరుస్తా. నేను చెప్పింది అబద్ధమేం గాదు గదా."

"అబద్ధం కాదు మామా" అంది సలోమి. "మార్కులు రావు, అంతే."

ఈసారి ఆయనే ముందు నవ్వాడు. పాఠం మొదలైంది. సోమశిల ఫొటో దగ్గరికి వచ్చేసరికి నా వాక్యం వినబడింది: కొండల నడుమ నిలిచిన నీరు, ఎదురుగా ఆనకట్ట గేట్లు. "కింద ఊళ్ళు ఉండాయి" అని ఆయన నోటిదాకా వచ్చినట్టుంది, పెదవులు కదిలాయి. చెయ్యి అడ్డం పెట్టుకుని ఆపుకున్నాడు. నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు.

తిరిగొచ్చాక

తెనాలి చేరాక ఆఫీసులో మా వాళ్ళకు చెక్క చెంచా చూపించాను, చేపల పులుసు తేలేదని తిట్లు తిన్నాను. పుస్తకంలో పట్టికలన్నీ మొదటినుంచి మళ్ళీ విని చూసి అప్పుడే అందరికీ పంపాం. పాఠాల చివర "మీ ప్రాంతంలో" అని వేరే భాగం పెట్టమని అడిగాను. బొమ్మ కింద కాదు, వేరే శీర్షికతో, పుస్తకం మాట కాదని తెలిసేట్టుగా. చూద్దామన్నారు. మా ఆఫీసులో చూద్దామంటే ఏళ్ళు పడుతుంది గానీ కాదనలేదు, అంతవరకు నయం.

ఫలితాలు వచ్చిన రోజు సలోమి ఫోను చేసింది.

"పాసైనాను మేడం."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఎలా రాశావు, ఏమేం వచ్చాయి, మామ ఏమన్నాడు అని వరసగా అడిగేశాను. మామ చర్చి దగ్గర మిఠాయి పంచుతున్నాడట. బి.ఎడ్. ప్రవేశపరీక్షకు పుస్తకాలు ఫోనులో దొరుకుతాయా అని అడిగింది. కొన్ని దొరుకుతాయి, మిగతావి తయారుచేస్తాం అన్నాను. అన్నాక ఆ మాట నిలబెట్టుకోవాలి కదా అని కొంచెం భయం కూడా వేసింది.

"ఒక మాట చెప్తా, ఏమనుకోబాకండి" అంది.

"చెప్పు."

"మీ పుస్తకంలో పారిశ్రామిక విధానం పాఠం ఉండాది గదా. చచ్చేంత విసుగు పుట్టింది మేడం. సగంలో ఆపేసి పండుకున్నాను."

నేను నవ్వాను. తను మాత్రం నెమ్మదిగానే చెప్పింది.

"ఇన్నేళ్ళు మామ చదవతా ఉంటే ఎంత విసుగొచ్చినా, నిద్రొచ్చినా ఊ కొడతానే ఉన్నాను. నాకోసం చదవతా ఉండే మనిషిని ఆపమని ఎట్టా చెప్పేది? పుస్తకమైతే ఏమనుకోదు. అట్టా ఆపేస్తే తప్పా మేడం?"

"తప్పేం లేదమ్మా" అన్నాను. "మేమంతా డిగ్రీలు అలాగే చదివాం."